కాళ్ళకు తెలిసిన చేను

పొద్దున ఆరు గంటలకల్లా బషీరాబీ జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలిపేది. చెయ్యి చురుక్కుమంటున్నా పిండిని చల్లారనిచ్చేది కాదు. చల్లారితే రొట్టె అంచులు పగులుతాయి. ముద్దను పీట మీద పెట్టి, తిప్పుతూ అరచేత్తో తడుతుంటే ఆ చప్పుడుకే వీధిలో సగం ఇళ్ళు నిద్రలేచేవి. పెనం మీద వేసి, పైన తడిబట్టతో అద్ది, తిరగేసి, చివరికి నిప్పుల పక్కన నిలబెడితే రొట్టె పొంగేది. ఆమె మొగుడు నూర్ బాషా గోడకు ఆనుకుని కూర్చుని అది పొంగేదాకా చూసేవాడు.

"ఎవరివి ఈ జొన్నలు?" అని రోజూ అడిగేవాడు.

"బసన్నవి."

"ఏ బసన్న?"

"ఆస్పరి దారిలో చేను ఉండాదే, ఆ బసన్న. తిను ముందు."

రెండు రొట్టెలు, ఇంత పుండికూర తినేవాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, ఎవరో పిలిచినట్టు లేచి వెళ్ళిపోయేవాడు. బషీరాబీ ఆపేది కాదు. పెనం కడిగి బోర్లించి తన పని చూసుకునేది.

మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళ సంగతి ఆదోనిలో ఎవరికి తెలియదు? తల మర్చిపోయేకొద్దీ కాళ్ళు కడుపు మాట వింటాయి. కడుపు నింపిన గింజ ఏ చేలో పండిందో ఆ చేనుకు మనిషిని నడిపిస్తాయి. కూరానారా మాట కాళ్ళు అంతగా లెక్కచేయవు. నమలని వాటికి అసలు అధికారం లేదు. అందుకే టీ ఎంత తాగినా ఎవరూ అస్సాం పోలేదని నవ్వుకునేవాళ్ళు.

పక్కవీధిలో ఒక రిటైరైన గుమస్తా ఉండేవాడు. చక్కెర జబ్బని మూడు పూటలా గోధుమరొట్టెలే పెట్టేవాళ్ళు. ఆ గోధుమలు ఎక్కడో ఉత్తరాదివి. మతి తప్పాక ఆయన రోజూ రైల్వేస్టేషన్లో తేలేవాడు. కొడుకులు విసిగి గదికి గొళ్ళెం పెట్టారు. ఆయన గదిలోనే నడిచి, ఉత్తరం గోడకు నుదురు ఆనించి నిలబడేవాడు. పోయేనాటికి ఆ గోడమీద సున్నం చెయ్యంత మేర నున్నగా అరిగి ఉంది. ఆకుకూరలమ్మే ఉచ్చీరమ్మ వాళ్ళ అత్త మాత్రం పెరట్లో పండిన కొర్రలే తిని, పెరట్లోనే తిరిగి, పెరట్లోనే కన్ను మూసింది. "అదృష్టవంతురాలు, మడి దాటలేదు," అనేది ఉచ్చీరమ్మ.

నూర్ బాషా పరుపులు కుట్టేవాడు. నలభై ఏళ్ళపాటు ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు దూది ఏకి పరుపులు కుట్టినవాడు ఒకరోజు దూది పెట్టకుండానే పరుపు కుట్టేశాడు. నాలుగు పక్కలా కుట్టు ఎంత చక్కగా పడిందో! బషీరాబీ ఆ ఖాళీ గలీబును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మర్నాడే బసన్నకు కబురు పంపింది, ఇకనుంచి తమ ఇంట్లోకి వేరే గింజ రాదని.

బసన్న చేను ఊరు దాటి ఆరు కిలోమీటర్లు. పది గంటలకు నూర్ బాషా అక్కడికి చేరేవాడు. గట్టు మీద కూర్చునేవాడు. కలుపు తీసేవాళ్ళుంటే వాళ్ళతో ఏదో మాట్లాడేవాడు. మధ్యాహ్నం బసన్న బండి మీద కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపేవాడు.

"వదినా, నూరన్న వచ్చినాడు. ఈ పొద్దు నా కంకులన్నీ లెక్కబెట్టినాడు. ఒకటి తక్కువ వచ్చిందంటే మళ్ళా మొదటినుంచి!" అని నవ్వేవాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. నాలుగో ఏడు, వానలు పడ్డాక, బసన్న వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"వదినా, ఈ తూరి పత్తి ఏద్దామనుకుంటాండాను. జొన్నలు ఎవరు కొంటాండారు? మీదొక్క ఇల్లు. ఊరంతా కొట్లో పాకెట్లే. నా జొన్నల్లో ఒక రాయి దొరికితే రాయితో కొట్టినట్టు తిడతారు."

బషీరాబీ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎన్ని ఇండ్లు కొంటే ఏస్తావప్పా?"

"ఇరవై ఇండ్లుంటే సాలు."

"పుబ్బ కార్తె పోకముందు చెప్తాలే. అందాకా విత్తనం మాట ఎత్తొద్దు."

ఆమె ఆ వయసులో గడప గడపకూ తిరిగింది. ఎదురింటి రుక్సానా దగ్గరకే ముందు పోయింది. రుక్సానా వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"పెద్దమ్మా, నీ బసన్న జొన్నలు నల్లగ ఉంటాయి. చెరిగి చెరిగి నా నడుం పడిపోతాది. కొట్లోవి చూడు, ముత్యాలే. కవరు చింపు, మిషనుకు పంపు, అంతే."

"ముత్యాలు బాగుంటాయిలే. ఏ ఊరివి?"

"ఏ ఊరివైతే ఏం? కడుపులోకి పోయినాక అన్నీ ఒకటే."

"కాళ్ళలోకి పోయినాక ఒకటి కాదు రుక్సానా."

రుక్సానా నవ్వింది. "మా ఇంట్లో మతి లేనోళ్ళు ఎవరుండారు? మా ఆయనకుండే మతిమరుపు నేను చెప్పిన పనులకే. అది యాడికీ పోదు, మంచం మీదే ఉంటాది."

బషీరాబీకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి వచ్చింది. చాలా ఇళ్ళలో ఇదే మాట. ముసలివాళ్ళకు అలా అయినప్పుడు చూద్దాంలే అన్నారు. అప్పటికే అలా అయిన ఇళ్ళవాళ్ళు కొన్నారు. మొత్తం ఏడు ఇళ్ళు తేలాయి. బసన్న ఆ లెక్క విని, తల గోక్కుని, రెండెకరాలు జొన్నకు ఉంచి మిగిలింది పత్తి వేశాడు. "నూరన్న వచ్చి కూర్చునే గట్టు పక్కనే వదిలినా," అన్నాడు.

బషీరాబీకి ఇంకొక జాగ్రత్త ఉండేది. రామాంజి పిండి మిషనులో ముందువాళ్ళ పిండి కొంత లోపలే ఉండిపోతుంది. తరవాతివాళ్ళ గింజ పోస్తే మొదట అదే బయటికొస్తుంది. అందుకని తన పిండిలో మొదటి రెండు దోసిళ్ళు వేరే గిన్నెలో పట్టి కోళ్ళకు వేసేది. ఏళ్ళ తరబడి చేసిన పని కాబట్టి దాన్ని ఎవరికైనా చెప్పాలనే ఆలోచన కూడా ఆమెకు రాలేదు. రామాంజి కూడా ఏమీ అడక్కుండా గిన్నె అందించేవాడు.

ఆ ఎండాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. కీళ్ళు బిగుసుకుపోయి మంచం దిగలేకపోయింది. ఎమ్మిగనూరులో కాపురమున్న కూతురు సల్మా బస్సెక్కి వచ్చింది. వచ్చినరోజే పిండి డబ్బా అడుగంటి ఉండటం చూసి జొన్నలు తీసుకుని మిషనుకు పోయింది.

రామాంజి ఆరోజు లేడు. అతని పెళ్ళాం భారతి మిషను ఆడిస్తోంది. సల్మా ముందు రుక్సానా ఉంది. ఆమె పిండి పట్టించుకుని "నాయన ఎట్లుండాడు సల్మా?" అని పలకరించి వెళ్ళింది. తరవాత సల్మా జొన్నలు పోశారు. మొదట వచ్చిన పిండి తెల్లగా, మెత్తగా ఉంది.

"అక్కా, సూడు ఎంత తెల్లగ వచ్చిందో. ఇది విడిగా కట్టేదా?" అని అడిగింది భారతి.

"కట్టు. మా నాయనకు పండ్లు లేవు. మెత్తగ ఉంటాది."

మర్నాడు పొద్దున సల్మా ఆ చిన్న మూట విప్పి తండ్రికి రెండు రొట్టెలు చేసింది. మంచం మీంచి బషీరాబీ విన్నది, రొట్టె తట్టే చప్పుడు తన చప్పుడు లాగే ఉందని అనుకుంది.

"ఎవరివి ఈ జొన్నలు?" అన్నాడు నూర్ బాషా.

"బసన్నవి నాయనా."

అతను నములుతూ ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ నమిలాడు. రెండూ తిని, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.

ఆ తెల్లపిండిలో బసన్న గింజా కొంత కలిసింది కాబోలు, ముందు బసన్న చేనుకే పది గంటలకు చేరాడు. ఎప్పటిలాగే గట్టు మీద కూర్చున్నాడు. కోత అయిపోయిన చేలో మోళ్ళు తప్ప ఏమీ లేవు. బసన్న చెంబుతో నీళ్ళిచ్చి, బండి తేవడానికి ఇంటికి పోయాడు. తిరిగొచ్చేసరికి గట్టు మీద చెంబు ఒక్కటే ఉంది. ఇన్నేళ్ళలో నూర్ బాషా ఆ గట్టు దగ్గర్నుంచి తనంతట తాను లేచి పోయింది లేదు. చేరినాక కాళ్ళు ఇంకెక్కడికి పోతాయి? బసన్న చుట్టుపక్కల చేలన్నీ వెతికి, చీకటి పడుతుండగా ఒట్టి చేతులతో వచ్చి గడప దగ్గర కూలబడ్డాడు.

"వదినా, ఏం తిన్నాడు ఈ పొద్దు? నిజం చెప్పు, ఏం తిన్నాడు?"

"నీ జొన్నలే బసన్నా," అంది సల్మా. "మొదట వచ్చిన తెల్లపిండి..."

అనేసి ఆగిపోయింది. తల్లి మొహం చూసింది. బషీరాబీ గోడవైపు తిరిగి పడుకుంది.

రుక్సానా కవరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అందరూ దాని చుట్టూ మూగారు. ధర ఉంది, తేదీ ఉంది, ఎంత బలమో రాసి ఉంది, ఎక్కడ కవర్లో నింపారో ఉంది. ఏ చేలో పండిందో లేదు. దానిమీది నంబరుకు ఫోను చేస్తే ఒకమ్మాయి మర్యాదగా మాట్లాడింది. "మేడమ్, సరుకు చాలా మార్కెట్ల నుంచి వస్తుంది. క్వాలిటీలో ఏమైనా కంప్లైంటా?" అంది. సల్మా ఫోను చెవికి పెట్టుకునే ఏడ్చింది. ఆ అమ్మాయి కంప్లైంటు నంబరు రాసుకోమంది.

పోలీసులకు చెప్పారు. ఫోటోతో కాగితాలు అచ్చువేయించి బస్టాండ్లలో అంటించారు. సల్మా మొగుడు ఉమేర్ బండి మీద ఊళ్ళు తిరిగాడు. నాలుగోరోజు హాలహర్వి దగ్గర గొర్రెలకాపరి ఒకడు చెప్పాడు, బక్కపలచటి ముసలాయన పడమరకు పోతుంటే చూశానని. నీళ్ళు తాగమంటే తాగాడట, కూర్చోమంటే కూర్చోలేదట. ఆ తరవాత కర్ణాటక. అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

ఆ వీధి వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మరుసటి వానలకు బసన్న ఎవరినీ అడగలేదు, వాళ్ళే పోయి అడిగారు. ముందు పోయింది రుక్సానా. రెండు బస్తాలు తనకని చెప్పి, ఇంకో పదిమందిని లాక్కుపోయింది. నలభై ఇళ్ళు అయ్యాయి. బసన్న పత్తి తీసేసి మొత్తం జొన్న వేశాడు, అతని పక్క చేనువాడూ వేశాడు. ఉచ్చీరమ్మ కొర్రలు తెచ్చి అమ్మింది. రుక్సానా ఇప్పుడు చేట ముందేసుకుని వరండాలో గంటల తరబడి చెరిగేది, ఎవరైనా రాళ్ళున్నాయంటే వాళ్ళమీద లేచేది. రామాంజి మిషను దగ్గర "మొదటి రెండు దోసిళ్ళు పక్కకు" అని బోర్డు రాయించాడు. పక్కవీధి పౌలు తాతకు మతి తప్పినా, రోజూ బసన్న గట్టు మీదికే చేరి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు.

వీళ్ళందరూ బషీరాబీని చూసినప్పుడు తల దించుకునేవాళ్ళు. "పెద్దమ్మా, నువ్వు చెప్పినప్పుడే వినుంటే..." అని రుక్సానా ఎన్నిసార్లు మొదలుపెట్టినా మాట పూర్తి చేసేది కాదు.

"ఇప్పుడు విన్నారు కదా. మంచిదే," అనేది బషీరాబీ.

ఆమె రుక్సానాను అడిగింది ఒకటే. ఆ కవర్లో మిగిలిన జొన్నలు. పావుశేరు కూడా లేవు. వాటిని వేపాకు, బూడిద కలిపి డబ్బాలో పోసి, మూత బిగించి, గూట్లో పెట్టింది. ఒకసారి వాటిలో ఒక పిడికెడు వండుకుని తినిచూసింది. తిని, గడప దగ్గర నిలబడింది. ఎంతసేపు నిలబడినా కాళ్ళు ఎటూ పోలేదు. తలకు అన్నీ గుర్తున్నాయి మరి. ఏ రోజు పెళ్ళయిందో, ఏ రోజు గలీబు ఖాళీగా కుట్టాడో, ఆ పొద్దున తను మంచం మీద పడుకుని ఏం విన్నదో. ఇన్ని గుర్తున్న మనిషి మాట కాళ్ళు వినవు. ఆమె తిరిగి లోపలికొచ్చి మూత గట్టిగా బిగించింది.

ఆ తరవాత రెండేళ్ళు.

మొదట ఉప్పు రెండుసార్లు పడింది. తరవాత పొయ్యి మీద పాలు పెట్టి రుక్సానా ఇంటికి పోయి కూర్చుంది. "బషీరాబీ పెద్దమ్మకు కూడా..." అని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. సల్మా ఎమ్మిగనూరు నుంచి వచ్చి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నవన్నీ బసన్న జొన్నలే. భయపడాల్సింది లేదు. బసన్న కూడా వచ్చి, "వదిన వస్తే నేను తెచ్చి దింపుతా, నువ్వు దిగులు పడొద్దు తల్లీ," అని చెప్పి వెళ్ళాడు.

మిగతావాళ్ళు మతిమరుపు మొదలైతే బెంబేలెత్తిపోతారు. బషీరాబీ మాత్రం ఏదైనా మర్చిపోయిన రోజు కొంచెం తేలికగా కనపడేది. అది సల్మాకు అర్థం కాలేదు, ఒకనాటి పొద్దున విసుర్రాయి చప్పుడు విని లేచేదాకా.

ఏళ్ళుగా వాడని విసుర్రాయిని తల్లి వసారాలోకి ఈడ్చుకొచ్చింది. పక్కన గూట్లోని డబ్బా తెరిచి ఉంది. వేపాకులు ఏరి ఒక పక్కన కుప్పపోసింది.

సల్మా వెళ్ళి డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, అవి వద్దు. బసన్నవి ఉండాయి, చేసి పెడతా. అవి వద్దమ్మా."

"బసన్నవి తింటే బసన్న చేనుకు పోతా. మీ నాయన ఆడ లేడు."

"అమ్మా, రెండేండ్లాయె. నాయన ఉండాడో లేదో..."

"తెలీదు. చేను ఉంటాది కదా. చేను యాడికీ పోదు. మీ నాయన ఆ గట్టు మీద యాడ కూర్చున్నాడో అదన్నా చూస్తా."

"నిన్ను నేను పోనియ్యను."

బషీరాబీ విసరడం ఆపింది. "సల్మా, ఇట్ల చూడు. ఇన్నాళ్ళూ మతి ఉండింది, తిన్నా కాళ్ళు కదల్లేదు. ఇప్పుడు మతి పోతాంది. పూర్తిగా పోతే ఈ డబ్బా ఎందుకు దాచినానో అదే మరిసిపోతా. కోళ్ళకు ఏసేస్తా. నిన్న రాత్రి దీన్ని చూసి ఇవేం గింజలబ్బా అనుకున్నా, తెలుసునా? ఈ పొద్దు గుర్తొచ్చింది. రేపు రాదేమో."

ఆ తెల్లపిండి మూట సల్మా కళ్ళముందు రాని రోజంటూ ఈ రెండేళ్ళలో లేదు. దాన్ని గురించి తల్లి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

కాసేపటికి ఆమె వెళ్ళి తల్లికి ఎదురుగా కూర్చుంది. విసుర్రాయి కొయ్యను తనూ పట్టుకుంది. ఇద్దరూ కలిసి తిప్పారు. పిండి తెల్లగా రాలింది.

పెనం ఎక్కింది. సల్మా ముందు బసన్న జొన్నపిండి కలిపి రొట్టెలు తట్టింది. పలచగా తట్టి, తడి లేకుండా కరకరలాడేలా కాల్చింది, ఎన్నిరోజులైనా చెడకుండా. గుడ్డలో మూటకట్టింది. రుక్సానా చప్పుడు విని వచ్చి, డబ్బా చూసి, సంగతి గ్రహించి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఇన్ని రొట్టెలు ఎవరికే సల్మా?"

"పొయ్యేటప్పుడు నాకు. వచ్చేటప్పుడు ముగ్గురికీ. ఇవి తింటే వాళ్ళ కాళ్ళు ఇటు తిరుగుతాయి కదక్కా?"

రుక్సానా ఏడుస్తూ తన ఇంట్లోకి పరుగెత్తి ఇంకో పది రొట్టెలు తెచ్చి మూటలో పెట్టింది. "ఇవీ బసన్నవే. నేనే చెరిగినా. ఒక్క రాయి లేదు," అంది.

చివరికి ఆ తెల్లపిండి కలిపారు. రెండే రొట్టెలయ్యాయి. బషీరాబీ గోడకు ఆనుకుని కూర్చుని తినింది. చెయ్యి కడుక్కుంది. లేచి చెప్పులు వేసుకుంది. వాకిట్లో ఒకసారి తన పాదాల వైపు చూసుకుంది, అవి ఏం చెబుతాయో విందామన్నట్టు. తరవాత నడిచింది. సల్మా మూట భుజాన వేసుకుని, నీళ్ళ సీసా పట్టుకుని వెనకే పోయింది.

ఆస్పరి దారి పట్టలేదు. బసన్న చేను వైపు తలైనా తిప్పకుండా ఊరి పడమటి కొస దాటింది. మోకాళ్ళ నొప్పులతో నాలుగడుగులకు ఒకసారి కూర్చునే మనిషి ఆరోజు ఎక్కడా కూర్చోలేదు. సల్మా ప్రతి మలుపు దగ్గరా ఊరి పేరు అడిగి ఫోనులో రాసుకుంది, దారిపొడుగునా తల్లికి నమిలేదేదీ పెట్టకుండా పాలూ టీ మాత్రమే తాగించింది. రెండోరోజు హాలహర్వి వెనకపడింది. మూడోరోజు బోర్డుల మీద అక్షరాలు కన్నడానివి. నల్లరేగడి దారి, రెండు పక్కలా ఎవరివో చేలు. కనుచూపు ఆనినంత దూరం దాకా జొన్న.

ఎండ నెత్తికెక్కే వేళకు బషీరాబీ పక్కకు తిరిగి చూసింది.

"నువ్వెవరమ్మా? పొద్దున్నుంచి నా వెంటే వస్తాండావు."

సల్మా మూటను ఇంకో భుజానికి మార్చుకుంది. "నేనూ ఆ పక్కకే పోతాండా. తోడుంటా లే."

"మంచిదాయె. ఒంటరిగా భయమైతాంది."

"నువ్వు ఎవరి కోసం పోతాండావమ్మా?"

"మా..." అని బషీరాబీ ఆగింది. కనుబొమలు ముడిచి ఆలోచించింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. పేరు రాలేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు.